నేర్పే చేతికి విలువేదీ?

బొమ్మ వేసినవాళ్లను కళాకారులంటాం. దాన్ని కొని గోడకు పెట్టుకున్నవాళ్లను రసజ్ఞులంటాం. దాని గురించి నాలుగు ముక్కలు రాసినవాళ్లను విమర్శకులంటాం. ఆ బొమ్మ వేయడం ఎలాగో పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని నేర్పినవాళ్లను మాత్రం క్లాసులు చెప్పుకునేవాళ్ల కింద జమకట్టి ఊరుకుంటాం. నేను ఎన్‌కాస్టిక్ అనే మైనపు చిత్రకళను, దానితో జతకట్టి నడిచే, కాగితం, గుడ్డ వంటివి కలిపి చేసే మిక్స్‌డ్ మీడియా పనిని వర్క్‌షాపుల్లో నేర్పుతాను. ఈ చిన్నచూపు నాకు కొత్త కాదు. విని విని అలవాటు కావలసింది, కాలేదు. ఎందుకంటే ఈ ఒక్క కళ చరిత్ర తిరగేసి చూసినా సంగతి తేటతెల్లమవుతుంది. దీన్ని బతికించింది మ్యూజియాలు కాదు, గ్రంథాలు కాదు, నేర్పినవాళ్లు. నేర్పేవాళ్లు లేని వెయ్యేళ్లూ ఇది దాదాపు లేనట్టే ఉంది. నేర్పేవాళ్లు దొరికాక మళ్లీ లేచి నిలబడింది. ఆ మాట గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు పని సంగతి చెబుతాను. శుభ్రం చేసిన తేనెమైనాన్ని కరిగించి అందులో డమార్ అనే చెట్టు బంకను కలుపుతారు. అది మన గుగ్గిలం కోవలోది. ఎనిమిది పాళ్ల మైనానికి ఒక పాలు బంక చాలామంది వాడే లెక్క. బంక వల్ల మైనానికి గట్టిదనం వస్తుంది, మెరుగు వస్తుంది. అందులో రంగుపొడి కలిపి, వేడిగా ఉండగానే కుంచెతో చెక్కపలక మీద పూస్తే క్షణాల్లో గడ్డకడుతుంది. పూత మీద పూత వేసిన ప్రతిసారీ హీట్ గన్‌తోనో చిన్న టార్చ్ మంటతోనో పైనుంచి వేడి చూపించి, కింది పూతతో ఒకటయ్యేలా చేయాలి. ఈ చివరి పని చేయకపోతే అది మైనం పూసిన చెక్క అవుతుంది గాని ఎన్‌కాస్టిక్ చిత్రం కాదు. తైలవర్ణాల్లో లాగా ఆరడం కోసం రోజుల తరబడి చూసే పని లేదు. వేడి ఉన్నంతసేపు కదులుతుంది, వేడి పోగానే నిలిచిపోతుంది.

మైనంతో బొమ్మ అనగానే మన దగ్గర ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎండకు కరిగిపోదా అండీ?" దీనికి జవాబు ఈజిప్టులో ఉంది. కైరోకు నైరుతి దిక్కున ఫయూమ్ అనే పల్లపు ప్రాంతం ఉంది. క్రీస్తు తరువాత తొలి మూడు శతాబ్దాల్లో, రోమన్ల ఏలుబడిలో, అక్కడివాళ్లు మనిషి ముఖచిత్రాన్ని పలచని చెక్క మీద వేయించి, మమ్మీ ముఖం దగ్గర కట్టుగుడ్డల్లో బిగించేవారు. కొన్ని మైనం లేని టెంపెరా రంగుల్లో వేసినవి, చాలా మేలైనవి మైనంలో వేసినవి. పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ ఆ ప్రాంతంలోని హవారా దగ్గర తవ్వి తీసిన చిత్రాలను 1888లో లండన్‌లో ప్రదర్శించాడు. ఇప్పటికి దాదాపు 900 చిత్రాలు దొరికాయి. బ్రిటిష్ మ్యూజియంలో, లూవ్‌లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో వాటిని చూడవచ్చు. నిన్న వేసినట్టుంటాయి. కంటిపాపలో తెల్లటి చుక్క ఇంకా మెరుస్తూనే ఉంటుంది. ఈజిప్టు ఎండ మన రెంటచింతల ఎండకు ఏమీ తీసిపోదు. అక్కడ పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్లు నిలిచిన మైనం మన ఇంటి గోడ మీద నిలవదా? తేనెమైనం కరగడానికి 62 నుంచి 64 డిగ్రీల వేడి కావాలి. నేరుగా ఎండ పడే గోడకు తగిలించకుండా, ఎండలో మూసి ఉన్న కారులో వదిలేయకుండా చూసుకుంటే చాలు.

ఆ ఫయూమ్ చిత్రాలు వేసినవాళ్ల పేర్లు మనకు దక్కలేదు. అయినా వాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని బొమ్మలే సాక్ష్యం చెబుతాయి. ముఖం కొంచెం పక్కకు తిప్పి ఉంటుంది. వెలుతురు ఒక పక్కనుంచే పడుతుంది. చర్మం దగ్గర గట్టి పనిముట్టుతో పొట్టి పొట్టి గీతలు, బట్టల దగ్గర వెడల్పాటి కుంచె వాటం. ఇన్ని ఊళ్లలో ఇన్ని తరాలపాటు ఒకే పద్ధతి నిలిచిందంటే దాని వెనక నేర్పిన చేతులు ఎన్నో ఉండి తీరాలి. ఆ చేతుల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అయితే అంతకు ముందరి ఒక గురువు పేరు చరిత్రలో నిలిచిపోయింది. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీసులోని సిక్యోన్ నగరంలో పాంఫిలస్ అనే చిత్రకారుడు ఉండేవాడు. క్రీస్తు శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన రోమన్ పండితుడు ప్లినీ తన బృహద్గ్రంథంలో ముప్ఫయ్యయిదో భాగాన చిత్రకళ గురించి రాస్తూ ఈయన సంగతి చెప్పాడు. మైనపు చిత్రాలతో మొట్టమొదట పేరు తెచ్చుకున్న పౌసియస్‌కు ఆ విద్య నేర్పింది పాంఫిలసే. గ్రీకు చిత్రకారుల్లో శిఖరంలాంటి అపెల్లిస్ కూడా ఈయన శిష్యుడే. లెక్కలు, రేఖాగణితం రాకపోతే చిత్రకళ పూర్తి కాదని ఈయన పట్టుబట్టేవాడట. స్వేచ్ఛాపౌరుల పిల్లలకు అన్నిటికంటే ముందు చెక్కపలక మీద బొమ్మ గీయడం నేర్పాలన్న ఆచారం మొదట సిక్యోన్‌లో, ఆ తరవాత గ్రీసు అంతటా పాకిందంటే అది ఈయన చలవే. ఇక అసలు సంగతి: ఈయన ఒక టాలెంటుకు తక్కువగా ఎవరికీ చదువు చెప్పలేదు. టాలెంటు అంటే దాదాపు 26 కిలోల వెండి. అపెల్లిస్ అంతవాడు కూడా ఆ రుసుము కట్టే నేర్చుకున్నాడు. మైనపు చిత్రకళ గురించి మనకున్న అతి పాత కబుర్లలోనే గురువు రుసుము లెక్క కూడా ఉందన్నమాట. అప్పటివాళ్లు సిగ్గుపడకుండా అడిగారు, సిగ్గుపడకుండా ఇచ్చారు.

తరవాత ఏమైంది? సీనాయి ఎడారిలోని సెయింట్ కేథరిన్ మఠంలో ఆరో శతాబ్దపు క్రీస్తు చిత్రం మైనంలో వేసినది ఉంది. చూసినవాళ్లు మరచిపోలేరు. ఆ తరవాతి శతాబ్దాల్లో ఈ విద్య మెల్లగా సన్నగిల్లింది. గుడ్డుసొనతో కలిపే టెంపెరా తేలిక, చవక. మైనానికి నిప్పు కావాలి, పనిముట్లు కావాలి, అన్నిటికంటే ముందు పక్కన నిలబడి చూపించే మనిషి కావాలి. గురువు నుంచి శిష్యుడికి అందే వరస తెగింది. ప్లినీ పుస్తకం మాత్రం ఎక్కడికీ పోలేదు. పండితులు దాన్ని తరతరాలుగా చదువుతూనే ఉన్నారు. ఉప్పునీళ్లలో మరిగించి తెల్లబరిచే మైనం సంగతీ, పనిముట్ల సంగతీ అందులో ఉన్నాయి. అన్నీ ఉన్నా ఎవరి చేతికీ బొమ్మ రాలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కౌంట్ కైలస్ అనే ప్రభువు ప్లినీ మాటలకు అర్థం పట్టుకుని ఈ కళను మళ్లీ లేపాలని చూశాడు. జోసెఫ్ వియన్ అనే చిత్రకారుడి చేత మైనంతో మినర్వా దేవత తలను వేయించాడు. 1755లో గ్రంథం అచ్చువేశాడు. అదే ఏడాది దిదెరో అనే తత్వవేత్త ఇంకో పుస్తకం రాసి, అసలు రహస్యం కనిపెట్టింది కైలస్ కాదు, బషెలియే అనే చిత్రకారుడు అన్నాడు. పెద్ద గొడవే జరిగింది. పండితులు వాక్యాలు పట్టుకుని వాదించుకున్నారు. పాంఫిలస్ పక్కన కూర్చుని పౌసియస్ నేర్చుకున్న పద్ధతి మాత్రం తిరిగి రాలేదు. పుస్తకం ఉండి, డబ్బుండి, పాండిత్యముండి, పట్టుదల కూడా ఉండి ఒక విద్య దొరకలేదంటే లోపం ఎక్కడుందో ఆలోచించండి. అక్కడ లేనిది గురువు ఒక్కడే.

ఇరవయ్యో శతాబ్దంలో కథ మారింది. 1922లో డియెగో రివేరా మెక్సికో నగరంలో తన తొలి కుడ్యచిత్రాన్ని మైనంలో వేశాడు. ఆ పని ఆయనకు కష్టమై తరవాత తడిసున్నం మీద వేసే ఫ్రెస్కోకు మారాడు. బెర్లిన్‌లో పుట్టి అమెరికా వెళ్లిన కార్ల్ జెర్బే బోస్టన్ మ్యూజియం స్కూల్లో చిత్రకళ విభాగానికి పెద్దగా ఉంటూ, మైనంలో బొమ్మలు వేస్తూ, పిల్లలకు పాఠం చెప్పాడు. చివరికి ఆ మైనమే ఆయన ఒంటికి పడక దాన్ని వదులుకోవలసి వచ్చింది. 1949లో ఫ్రాన్సెస్ ప్రాట్, బెక్కా ఫిజెల్ అనే ఇద్దరు ఈ పద్ధతుల మీద పుస్తకం తెచ్చారు. 1954, 55ల్లో జాస్పర్ జాన్స్ వార్తాపత్రిక ముక్కలు, గుడ్డ, మైనం, తైలవర్ణం కలిపి అమెరికా జెండా బొమ్మ చేశాడు. ఈ రోజు మిక్స్‌డ్ మీడియా వర్క్‌షాపుల్లో మేం చేయించే పనికి పెద్దదిక్కు ఆ బొమ్మే. ఆయన మైనంతోనూ కాగితంతోనూ చేసిన మరో జెండా 2010లో క్రిస్టీస్ వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లు దాటి పలికింది.

ఆ ధర అందరికీ తెలుసు. అయితే ఆ తరవాత వేలమంది మామూలు మనుషుల చేతుల్లోకి ఈ విద్య ఎలా వచ్చిందో ఎంతమందికి తెలుసు? అమెరికాలో చిన్న చిన్న స్టూడియోల్లో, గ్యారేజీల్లో, కమ్యూనిటీ హాళ్లలో వారాంతపు వర్క్‌షాపులు పెట్టి నేర్పినవాళ్ల వల్ల వచ్చింది. జోఆన్ మటెరా 2001లో ఈ కళ మీద పుస్తకం రాసి, 2007లో మసాచుసెట్స్‌లో ఒక కళాశాల తోడుతో ఎన్‌కాస్టిక్ చిత్రకారుల సదస్సు మొదలుపెట్టింది. అక్కడికి వచ్చినవాళ్లు పొగ బయటికి పోయే ఏర్పాట్ల గురించి, పలకలు సిద్ధం చేసే తీరు గురించి, పాఠం చెప్పే పద్ధతి గురించి మాట్లాడుకున్నారు. ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్పారు. నేర్పేవాళ్లు లేక ఒకసారి పోయిన విద్య, పంచుకున్నవాళ్ల చేతిలో నిలిచింది.

నేర్పడమంటే ఏమిటో, అందులో ఎంత పని ఉందో బయటినుంచి చూసేవాళ్లకు తెలియదు. మైనం కరిగే పెనం వేడి 90 డిగ్రీల దగ్గర నిలవాలి. 105 దాటనివ్వకూడదు. వేడి మితిమీరితే పొగ లేస్తుంది, అది కళ్లకు, గొంతుకు మంట పెడుతుంది. కిటికీ తీస్తే చాలదు. పెనం దగ్గరి గాలిని బయటికి లాగే ఫ్యాను కావాలి. మైనం అంటుకుంటే నీళ్లు చల్లకూడదు, మూత పెట్టి ఊపిరాడకుండా చేయాలి. వేడి మైనం చేతి మీద పడితే గబుక్కున గీకకూడదు, చన్నీళ్ల ధార కింద పెట్టాలి. నైలాన్ కుంచె పెనం మీద పెడితే కరిగి ముద్దవుతుంది. ఆక్రిలిక్ ప్రైమర్ పూసిన బజారు కాన్వాసు తెచ్చుకునేవాళ్లుంటారు. మైనం దాన్ని పట్టుకోదు, కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది. తేనెమైనమని చెప్పి పారఫిన్ కలిపినది అంటగట్టే దుకాణాలున్నాయి. ముక్క విరిచి, వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి అది ఏదో చెప్పగలగాలి. వర్క్‌షాపు మొదలుకాక ముందే ఇవన్నీ చూసుకోవలసిన మనిషి ఒకరుంటారు. చిన్న ప్రమాదం కూడా జరగకుండా అందరూ నవ్వుతూ బొమ్మలు పట్టుకుని ఇంటికి వెళ్లారంటే ఆ మనిషి పని బాగా చేసినట్టు. బాగా చేసిన ఆ పని ఎవరి కంటికీ కనబడదు.

ఇక వేడి చూపించే పని. పూత వేశాక దాని మీద మసక ఉంటుంది. హీట్ గన్ గాలి తగలగానే ఆ మసక ఒక అంచు నుంచి విడిపోయి, ఉపరితలం చెమ్మగిల్లినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు కనబడిన క్షణమే చెయ్యి పక్కకు జరగాలి. ముందే జరిగితే పూత అతకదు, రేపు గోటితో గిల్లితే పొరగా లేచి వస్తుంది. ఆలస్యమైతే కింద వేసిన గీతలు, రంగులు అన్నీ కలిసి కొట్టుకుపోతాయి. ఎన్ని సెకన్లు ఉంచాలని ప్రతివాళ్లూ అడుగుతారు. సెకన్ల లెక్క లేదు. పూత మందాన్ని బట్టి, గదిలో గాలిని బట్టి, పలక ఎంత చల్లగా ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే నేను వాళ్ల మణికట్టు కింద నా చెయ్యి పెట్టి కలిసి జరుపుతాను. కాసేపటికి నా చెయ్యి తీసేసినా వాళ్ల చెయ్యి సరైన చోట ఆగుతుంది. ఆ ఆగడం ఏ పుస్తకంలోనూ రాయలేనిది. ప్లినీ రాయలేకపోయింది అదే. కైలస్‌కు దొరకనిదీ అదే.

మిక్స్‌డ్ మీడియాలో ఇంకో తరహా నేర్పు కావాలి. ఒకసారి ఒక విశ్రాంత తెలుగు మాస్టారు వాళ్ల నాన్నగారు రాసిన ఉత్తరానికి జిరాక్స్ కాపీ తెచ్చారు. దాన్ని చల్లారిన మైనం మీద బోర్లించి, చెంచా వెనక భాగంతో రుద్ది, వెనకవైపు నీళ్లతో తడిపి, వేలికొసతో మెల్లగా కాగితాన్ని నలిచి తీసేస్తే అక్షరాల నలుపు మాత్రం మైనంలో మిగులుతుంది. అయితే అలా దించిన అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. అందుకని ముందే తిప్పి తీసిన కాపీ కావాలి. అది లేజర్ కాపీ అయి ఉండాలి, ఇంక్‌జెట్ అయితే నీళ్లు తగలగానే చెదిరిపోతుంది. ఇవి ముందే చెప్పకపోతే ఆయన మధ్యాహ్నమంతా వృథా. చెప్పాం కాబట్టి కాగితం పొర కింద నుంచి గుండ్రటి పాతకాలపు తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆయన సూదితో చుట్టూ గీతలు గీసి, వాటిలో ముదురు తైలవర్ణం రుద్ది, పైపైన తుడిచేశారు. గీతల్లో రంగు నిలిచింది. పైన పలచగా రంగులేని మైనం పూత వేసి వేడి చూపించారు. "ఇన్నేళ్లు పిల్లలకు పద్యాలు చెప్పాను మేడమ్, ఒక బొమ్మ పూర్తి చేయడం ఇదే మొదలు" అన్నారు. ఆ పలక ఏ గ్యాలరీకీ వెళ్లదు. ఏ విమర్శకుడూ దాని గురించి రాయడు. ఆ ఇంట్లో మాత్రం అది తరాలపాటు ఉంటుంది. కళ పని అది కాదంటారా?

మరి ఇంత పనికి మేం పొందే మర్యాద ఎలాంటిది? ఒక సంస్థ వర్క్‌షాపు నడపమని పిలిచింది. పెనాలు, మైనం, రంగుపొడులు, పలకలు నేనే కొని మోసుకెళ్లాను. ముగింపు రోజు శాలువా కప్పారు, జ్ఞాపిక చేతికిచ్చారు, ఫొటో తీశారు. పారితోషికం మాట ఎత్తితే "మీకూ ప్రచారం వస్తుంది కదండీ" అన్నారు. హాలు అద్దెకు డబ్బుంది, మైకుసెట్టుకు డబ్బుంది, భోజనాలకు డబ్బుంది. పాఠం చెప్పిన మనిషికి మాత్రం లేదు. ఇది నా ఒక్కరి గోడు కాదు. నాలాగా నేర్పేవాళ్లు నలుగురు కలిస్తే మొదట వచ్చే కబురు ఇదే. మా బొమ్మలు చూపించడానికి వెళ్తే, క్లాసులు చెబుతారట కదా, ఇక సీరియస్‌గా వేసే తీరిక ఎక్కడిదని అడుగుతారు. వర్క్‌షాపుకు వచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ కనబడితే దాన్ని కాలక్షేపం అంటారు. మైనం అనగానే కొవ్వొత్తుల తయారీ కింద లెక్కగడతారు. ఏ పనినైనా తక్కువ చేయాలంటే దానికి కాలక్షేపం అని పేరు పెడితే చాలన్నట్టుంది.

సంగీతకారుల పరిచయం ఎలా మొదలవుతుందో గమనించండి. ముందు గురువు పేరు వస్తుంది, ఆ తరవాతే కచేరీలు, బిరుదులు. కూచిపూడి కళాకారిణి వేదికనెక్కితే ఎవరి శిష్యురాలో చెప్పకుండా పరిచయం పూర్తి కాదు. చిత్రకారుల పరిచయ పత్రం చూడండి. ప్రదర్శనలు, పురస్కారాలు, ఎవరెవరి సేకరణల్లో బొమ్మలున్నాయో అన్నీ ఉంటాయి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చాలామంది రాయరు. చదివిన కాలేజీ పేరుంటుంది, చెప్పిన మాస్టారి పేరుండదు. పాట దగ్గర, ఆట దగ్గర ఉన్న ఈ సంస్కారం రంగు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు లోపించింది?

మనకూ ఉదాహరణలు లేకపోలేదు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే బొమ్మలు వేసే కుర్రాళ్లను చేరదీసి ప్రోత్సహించకపోతే దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆ దారి పట్టేవారో లేదో. దామెర్ల కూడా తాను నేర్చుకుని ఊరుకోలేదు, రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ముప్ఫయ్యేళ్లు నిండకుండానే ఆయన పోతే మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నడిపించారు. శ్రీకాళహస్తి కలంకారీ 1950ల నాటికి కొన ఊపిరితో ఉంది. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటి చేయి తిరిగిన పనివాళ్లు పిల్లలకు కలం పట్టడం నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మ్యూజియంలో నాలుగు పాత గుడ్డలు దాచి చేతులు దులుపుకుని ఉంటే ఈ రోజు ఆ ఊళ్లో అన్ని ఇళ్లలో కలం ఆడేది కాదు.

మైనం మన చేతులకు పరాయిది కూడా కాదు. కోరమాండల్ తీరంలో అద్దకంవాళ్లు నీలిరంగు అక్కరలేని చోట గుడ్డకు మైనం పట్టించి నీలికుండలో ముంచేవారు. ఆదిలాబాద్ ఓజాలు ఈనాటికీ మైనపు తీగలతో బొమ్మ అల్లి, మట్టి కప్పి, మైనం కరిగించి కంచు పోస్తున్నారు. అడవిలో తేనె తీసేవాళ్ల దగ్గర మైనం ఉంది. గుగ్గిలం ఉంది, నూలుగుడ్డ ఉంది, చేతికాగితం ఉంది. లేనిదల్లా వీటిని ఒక బల్ల మీదికి చేర్చి నేర్పే మనిషికి చోటు.

"యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, మీరెందుకు?" అని అడిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను. వీడియో మీకు చూపిస్తుంది, కాని మిమ్మల్ని చూడదు. మీ పెనం వేడెక్కిపోతోందని అది చెప్పలేదు. మీ గదిలో గాలి ఎటు వీస్తోందో దానికి తెలియదు. మీరు భయపడి హీట్ గన్ దూరంగా పట్టుకున్నారని దానికి కనబడదు. నేర్చుకునే మనిషిని చూసి పాఠం మార్చుకోవడం బతికి ఉన్న గురువుకు మాత్రమే సాధ్యం. ఇంట్లో ఒంటరిగా టార్చ్ వెలిగించి మైనం అంటుకుంటే మూత తీసి మీద పెట్టే చెయ్యి ఎవరిది?

సొంత పని మానుకున్నవాళ్లే నేర్పడానికి దిగుతారన్న మాట కూడా ఉంది. పాంఫిలస్ వేస్తూ నేర్పాడు. జెర్బే వేస్తూ నేర్పాడు. వేయడం రానివాళ్లు ఈ విద్య నేర్పలేరు. మైనం మోసాన్ని ఒప్పుకోదు. పూత లేచిపోయి పట్టిచ్చేస్తుంది. పాఠం చెప్పడానికి నేను ప్రతి పద్ధతినీ నా బల్ల మీద పదేపదే చేసి, చెడగొట్టి, ఎందుకు చెడిందో తెలుసుకుని అప్పుడు తీసుకెళ్తాను. దీన్ని సీరియస్ పని కాదనేవాళ్లు ఒక్క రోజు వచ్చి పెనం పక్కన నిలబడాలి.

కాబట్టి అడగవలసినవి సూటిగా అడుగుతున్నాను. వర్క్‌షాపు పెట్టేవాళ్లు శాలువా కంటే ముందు రుసుము మాట్లాడండి, సామాన్ల ఖర్చు విడిగా ఇవ్వండి. గ్యాలరీలవాళ్లు చిత్రకారుల అర్హతల్లో నేర్పిన పనిని కూడా లెక్కలోకి తీసుకోండి. చిత్రకళ చెప్పే కళాశాలలు చేతిపనిలో ఆరితేరినవాళ్లను పిలిచి, పిల్లల చేత మైనం, అద్దకం, కొలాజ్ చేయించండి, పొగ పోయే ఫ్యాను, మంటలార్పే సిలిండర్ ఉన్న గది కేటాయించండి. అకాడమీలు పురస్కారాలిచ్చేటప్పుడు బొమ్మ వేసినవాళ్లతో పాటు బొమ్మ వేసేవాళ్లను తయారుచేసినవాళ్లను కూడా చూడండి. పత్రికలవాళ్లు ప్రదర్శన గురించి రాసేటప్పుడు ఎవరి దగ్గర నేర్చుకున్నారని ఒక్క ప్రశ్న అడగండి.

నేర్చుకున్నవాళ్లకు కూడా ఒక మాట. మీ బొమ్మ ఎవరికైనా నచ్చి, ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే గురువు పేరు చెప్పండి. కాస్త చెయ్యి తిరిగాక మీరూ ఇంకొకరికి నేర్పండి, నేర్పినందుకు తగిన రుసుము అడగండి. తక్కువకు చెప్పి, ఉచితంగా చెప్పి, ఈ పని విలువను మనమే దిగజార్చుకోవద్దు. ప్లినీ పుస్తకం ఉండగానే మైనపు చిత్రకళ ఒకసారి చేజారిపోయింది. మళ్లీ పోకుండా ఉండాలంటే నేర్పేవాళ్లు ఉండాలి. వాళ్లు ఉండాలంటే వాళ్ల బతుకు గడవాలి, వాళ్ల పని కళేనని నలుగురూ ఒప్పుకోవాలి. ఇందులో దానం లేదు, దయ లేదు. ఇది వాళ్లకు రావలసిన బాకీ, తీర్చండి.